ఆల్ప్స్‌లో వారం రోజులు: స్విట్జర్లాండ్‌కేనా, మరో వైపు కూడా చూడాలా?

యూరప్‌లో కొండల మధ్య ఓ వారం గడిపి రావాలనుకునే తెలుగు కుటుంబాల నోట మొదట వచ్చే పేరు స్విట్జర్లాండ్. దశాబ్దాలుగా సినిమా పాటల్లో చూసిన పచ్చిక బయళ్లు, ప్యాకేజీ టూర్ల ప్రకటనలు కలిసి ఆల్ప్స్ అంటే ఆ ఒక్క దేశమే అన్న అభిప్రాయాన్ని స్థిరపరిచాయి. నిజానికి ఫ్రాన్స్ దక్షిణ తీరం దగ్గర మొదలై స్లొవేనియా దాకా సుమారు 1200 కిలోమీటర్ల పొడవున విల్లులా వంగి సాగే ఈ పర్వతశ్రేణి ఎనిమిది దేశాలలో విస్తరించి ఉంది. వాటిలో మన యాత్రికులకు నిజంగా పోటీగా నిలిచే నాలుగు ప్రాంతాలను ఇక్కడ పోల్చి చూస్తాను: స్విట్జర్లాండ్‌లో ఇంటర్లాకెన్ చుట్టూ ఉన్న బెర్నీస్ ఓబర్‌లాండ్, ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ పరిసరాల సరస్సులూ కొండలూ, ఇటలీ ఉత్తరపు అంచున డోలమైట్స్ పర్వతాలున్న దక్షిణ టైరోల్, స్లొవేనియాలో బ్లెడ్, బోహిన్ సరస్సులున్న జూలియన్ ఆల్ప్స్.

వీటిలో ఏది ఎక్కువ అందంగా ఉంటుందన్న ప్రశ్నతో బయలుదేరితే ఎంపిక ఎప్పటికీ తేలదు, ఎందుకంటే ఏ ఫోటో చూస్తే ఆ చోటే బాగుందనిపిస్తుంది. ముందుగా తేల్చుకోవలసినవి ఏ నెలలో వెళ్తున్నాం, వెంట ఎవరు వస్తున్నారు అన్న రెండు సంగతులు. ఖర్చు వీటి తరువాతి మాట; అదీ చాలావరకు ఈ రెండింటిని బట్టే పెరుగుతుంది, తగ్గుతుంది.

ఏ నెలలో వెళ్తున్నారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో బడిపిల్లలున్న ఇళ్లకు పెద్ద సెలవులంటే ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకానే. ఆల్ప్స్‌లో సరిగ్గా అదే సంధికాలం. శీతాకాలపు స్కీయింగ్ ఏప్రిల్‌లో దాదాపు ముగిసిపోతుంది, ఎత్తైన నడకదారులు జూన్‌లో గాని తెరుచుకోవు. ఈ మధ్యకాలంలో కేబుల్ కార్లను ఆపి మరమ్మతులు చేసుకుంటారు, కొండ ఊళ్లలోని హోటళ్ల యజమానులు చాలామంది తలుపులు మూసి తామే సెలవు తీసుకుంటారు. రెండు వేల మీటర్ల పైన, ఎండ సరిగా తగలని వాలుల మీద మే నెలాఖరు దాకా మంచు పేరుకునే ఉంటుంది. ఈ ఇబ్బంది నాలుగు చోట్లా ఉన్నా, నాలుగు చోట్లా ఒకే స్థాయిలో లేదు.

దక్షిణ టైరోల్‌కు ఇది అన్నిటికంటే గట్టిగా తగులుతుంది. అక్కడ చూడవలసినదంతా పైన, 1800 నుంచి 2500 మీటర్ల మధ్య ఉంటుంది. పైకి చేర్చే కేబుల్ కార్లలో అధికభాగం మే మధ్య నుంచి జూన్ మధ్య లోపు ఒక్కొక్కటిగా మొదలవుతాయి. మే మొదటి వారంలో అక్కడి ఒర్టిసేయి అనే ఊరు చేరుకున్నవారికి కింది వీధుల్లో తిరిగి, తల ఎత్తి శిఖరాలను చూసి రావడం తప్ప పెద్దగా మిగలదు. కనుక మే నెలలో డోలమైట్స్ వద్దని నిర్మొహమాటంగా చెబుతాను, టికెట్లు ఎంత చవకగా దొరికినా సరే.

స్విట్జర్లాండ్‌లో రైలు ఈ సమస్యను చాలావరకు తీర్చేస్తుంది. 1912లో పూర్తయిన యుంగ్‌ఫ్రావ్ రైలుమార్గం ఐగర్, మోంక్ శిఖరాల కడుపులోని సొరంగం గుండా 3454 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్‌కు ఏడాది పొడవునా ప్రయాణికులను చేరుస్తుంది. పైగా మే నెలలో మంచు కరిగి లోయలోకి దూకే కాలం కావడం వల్ల లౌటర్‌బ్రున్నెన్ జలపాతాలు అప్పుడే నిండుగా ఉంటాయి. ఆ లోయలో 72 జలపాతాలు ఉన్నాయని స్థానికులు చెబుతారు. వాటిలో స్టౌబ్బాక్ జలపాతం దాదాపు 300 మీటర్ల ఎత్తు నుంచి ఊరి ఇళ్ల వెనకే పడుతుంది. కొంచెం లోపలికి వెళ్తే కొండ గర్భంలోనే దూకే ట్రుమ్మెల్‌బాక్ జలపాతాలున్నాయి. ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ హిమానీనదాల నీరంతా వాటి గుండానే దిగుతుంది, ఉద్ధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 20,000 లీటర్ల దాకా. నాలుగేళ్ల లోపు పిల్లలను అక్కడికి అనుమతించరని ముందే తెలిస్తే మంచిది. ఆగస్టులో ఇదే లోయకు వచ్చినవారికి స్టౌబ్బాక్ సన్నని ధారగా కనిపించవచ్చు. బడి సెలవుల మూలంగా మేలోనే వెళ్లక తప్పని కుటుంబానికి, నడక కంటే చూడటమే ముఖ్యమైతే, స్విట్జర్లాండ్‌కు దీటైనది ఈ నాలుగింటిలో లేదు.

మేలో స్లొవేనియా రెండో స్థానంలో నిలుస్తుంది. బ్లెడ్, బోహిన్ సరస్సులు రెండూ సుమారు 500 మీటర్ల ఎత్తులోనే ఉన్నందున వసంతం అక్కడికి ముందే వచ్చేస్తుంది. సోచా నది పచ్చల రంగులో పొంగి ప్రవహిస్తుంది. అయితే జూలియన్ ఆల్ప్స్‌లో వానలు ఎక్కువ. ఏడ్రియాటిక్ సముద్రం నుంచి వచ్చే తేమగాలులు మొదట ఢీకొనే ఎత్తైన గోడ అదే, అందువల్ల బోహిన్ వైపు ఒక్కోసారి రోజుల తరబడి మబ్బు విడవదు. ఇలాంటప్పుడు పనికివచ్చేది పోస్టోయ్నా గుహ. మొత్తం 24 కిలోమీటర్ల గుహల వ్యవస్థలో కొంతదూరం చిన్న రైలులో తీసుకెళ్తారు, లోపల ఎప్పుడూ 10 డిగ్రీల చలి ఉంటుంది కాబట్టి బయటి వానతో సంబంధం లేదు. స్లొవేనియా ప్రణాళికలో ఒక రోజును ఇలా ఖాళీగా ఉంచుకోవడం అవసరం.

దసరా సెలవులకు వెళ్లేవారి లెక్క పూర్తిగా తారుమారవుతుంది. సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో దక్షిణ టైరోల్ ఆకాశం చాలా రోజులు తేటగా ఉంటుంది, ఆగస్టు జనం వెళ్లిపోయి ఉంటారు, కేబుల్ కార్లు ఇంకా తిరుగుతుంటాయి. అక్టోబర్ రెండో సగంలో లార్చ్ చెట్లు బంగారు రంగుకు మారతాయి. సూదుల్లాంటి ఆకులున్న చెట్లలో ఏటా ఆకు రాల్చే అరుదైన జాతి ఇది. బూడిద రంగు రాతి గోడల కింద ఆ పసుపు పరచుకున్న కొండవాలు నా అభిప్రాయంలో ఆల్ప్స్ మొత్తంలో చూడదగిన గొప్ప దృశ్యాలలో ఒకటి. కేబుల్ కార్లు అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మొదటి వారం లోపు ఒక్కొక్కటిగా ఆగిపోతాయి కాబట్టి, తేదీలు ఖాయం చేసుకునే ముందు మీరు ఎక్కదలచిన లిఫ్టు ఆఖరి రోజు ఏదో చూసుకోవాలి.

అమెరికా, బ్రిటన్‌లలో స్థిరపడిన తెలుగువారికి ఎక్కువగా దొరికేది జూలై, ఆగస్టు. అప్పుడు ప్రతి దారీ తెరిచి ఉంటుంది, ప్రతి దారిలోనూ జనం ఉంటారు. ఆగస్టు 15 ఇటలీలో పెద్ద పండుగ. దానికి అటూ ఇటూ ఉన్న వారాల్లో దేశమంతా సెలవు మీద కదులుతుంది. డోలమైట్స్‌లోని బ్రాయెస్ సరస్సు దగ్గరికి వేసవి రద్దీ వారాల్లో ముందస్తు బుకింగ్ లేనిదే పగటి పూట కారును వెళ్లనివ్వరు. ఆ రోజుల్లో నేను ఆస్ట్రియా వైపే మొగ్గుతాను. అక్కడ ఒకదానికొకటి సాటిరాగల సరస్సులు, లోయలు చాలా ఉన్నందున జనం ఒకే చోట పోగుపడరు. హాల్‌స్టాట్ ఒక్కటే దీనికి మినహాయింపు.

హాల్‌స్టాట్ గురించి రెండు మాటలు వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఆస్ట్రియా అనగానే అందరూ పంపుకునే ఫోటో అదే. సరస్సుకూ కొండకూ మధ్య ఇరుకున ఒదిగిన ఈ ఉప్పుగనుల ఊరికి 1997లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో 2012లో దీని నకలునే కట్టారు. ఎనిమిది వందల మంది కూడా లేని ఊరికి రద్దీ రోజున పది వేల దాకా యాత్రికులు రావడంతో 2023 ఆగస్టులో ఊరివాళ్లే రోడ్డుకు అడ్డంగా నిలిచి నిరసన తెలిపారు. మధ్యాహ్నం బస్సులో దిగి రెండు గంటలు తిరిగి వచ్చేటట్లయితే మానుకోవడమే మేలు. రైలులో వచ్చి, స్టేషన్ అవతలి ఒడ్డున ఉన్నందున పడవలో సరస్సు దాటి, ఒక రాత్రి అక్కడే ఉండగలిగితే మాత్రం బస్సులు వెళ్లిపోయిన సాయంకాలపు ఊరు మీకు దొరుకుతుంది. అలా వీలుకానివారు వోల్ఫ్‌గాంగ్ సరస్సుకు వెళ్లవచ్చు. అక్కడ 1893 నుంచి నడుస్తున్న పళ్లచక్రాల రైలు షాఫ్‌బెర్గ్ కొండ మీదికి తీసుకెళ్తుంది, పై నుంచి చుట్టుపక్కల సరస్సులన్నీ ఒకేసారి కనిపిస్తాయి.

పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే

మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులను వెంట తీసుకెళ్లేవారికి స్విట్జర్లాండ్ మీద చేసే అదనపు ఖర్చు వృథా కాదు. ఆ దేశంలో డబ్బు తీసుకునేది కొండ అందానికి కాదు, ఆ కొండ మీదికి మెట్టు ఎక్కకుండా చేర్చే ఏర్పాటుకు. రైలు దిగిన ప్లాట్‌ఫారం పక్కనే బస్సు, బస్సు దిగిన చోటనే పడవ, అన్నిటికీ ఒకే పాస్. సూట్‌కేసు లాక్కుంటూ అరకిలోమీటరు నడవవలసిన అవసరం అరుదుగా వస్తుంది. ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలు, స్విస్ ట్రావెల్ పాస్ ఉన్న తల్లి గాని తండ్రి గాని వెంట ఉంటే, ఫ్యామిలీ కార్డు మీద ఉచితంగా ప్రయాణిస్తారు. ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి ఇది లెక్కను గణనీయంగా మార్చే విషయమైనా, ప్యాకేజీ ధరలతో పోల్చేటప్పుడు చాలామంది దీన్ని మరచిపోతుంటారు.

అదే పాస్ గురించి ఇంకో అపోహ కూడా ఉంది. యుంగ్‌ఫ్రావ్ స్టేషన్‌కు అది పూర్తిగా చెల్లదు. దారిలోని వెంగెన్ లేదా గ్రిండెల్‌వాల్డ్ ఊళ్ల దాకా మాత్రమే చెల్లి, ఆ పైన 25 శాతం తగ్గింపు ఇస్తుంది. పూర్తి ధరకు ఇంటర్లాకెన్ నుంచి రానుపోను టికెట్టు వేసవిలో రెండు వందల ఫ్రాంకులు దాటుతుంది. అంత డబ్బు పెట్టి మబ్బులోకి వెళ్లి తెల్లని గోడను చూసి వచ్చేవారు తక్కువేమీ కాదు. పై నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యే కెమెరా దృశ్యాన్ని ఆ ఉదయం చూసిన తరువాతే టికెట్టు కొనడం, అందుకు వీలుగా అక్కడ కనీసం మూడు రాత్రులు ఉండటం నా సలహా. ఒక పూటలో ఇంటర్లాకెన్ ముగించే టూర్లలో ఈ వెసులుబాటు ఉండదు.

ఎత్తు సంగతి కూడా తేలికగా తీసుకోకూడదు. 3450 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుంది. 570 మీటర్ల ఎత్తులోని ఇంటర్లాకెన్ నుంచి రెండు గంటల్లో అక్కడికి చేరుకున్నప్పుడు ఆరోగ్యవంతులకే తల తిరుగుతుంది. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు డాక్టరును అడగకుండా ఎక్కకూడదు. వాళ్లకు రీగీ కొండ చక్కని ప్రత్యామ్నాయం: ఎత్తు 1798 మీటర్లు, 1871లో యూరప్‌లోనే మొదటి పర్వత రైలు నడిచింది దాని మీదికే, ట్రావెల్ పాస్ కూడా అక్కడ పూర్తిగా చెల్లుతుంది. లూసెర్న్ నుంచి పడవలో వెళ్లి రైలెక్కి పైకి చేరే ఆ రోజంతటికీ వేరే టికెట్టు కొనవలసిన పని లేదు.

స్లొవేనియాలో పెద్దవాళ్లకు బ్లెడ్ సరస్సు చుట్టూ ఉన్న ఆరు కిలోమీటర్ల చదును బాట హాయిగా ఉంటుంది, అలసిన చోట బల్లలు ఉంటాయి. సరస్సు మధ్య దీవిలోని చర్చికి ప్లెట్నా అనే చెక్క పడవలో తీసుకెళ్తారు, కాని దిగగానే 99 మెట్లు ఎదురవుతాయి. ఆస్ట్రియాలో వెర్ఫెన్ దగ్గరి మంచు గుహ పిల్లలకు ఎంతగానో నచ్చుతుంది. లోపలి వందలాది మెట్లను సున్నా డిగ్రీల చలిలో ఎక్కి దిగవలసి ఉన్నందున పెద్దవాళ్లను ఆ రోజుకు సాల్జ్‌బర్గ్‌లోనే ఉంచడం మేలు. దక్షిణ టైరోల్‌లో మాత్రం ఆల్పె ది సియూసి అనే పచ్చిక పీఠభూమి అన్ని వయసులవారికీ అనుకూలం. యూరప్‌లో ఇంత ఎత్తున ఇంతకు మించిన మైదానం లేదు, సుమారు 56 చదరపు కిలోమీటర్లు. కేబుల్ కారులో పైకి చేరాక నడవగలిగినవారు నడుస్తారు, నడవలేనివారు గుర్రబ్బండి ఎక్కుతారు. పగలు తొమ్మిది నుంచి అయిదు దాకా సొంత కార్లను పైకి రానివ్వరు గనుక అక్కడ హారన్ మోత కూడా వినపడదు.

కారా, రైలా?

స్విట్జర్లాండ్‌లో కారు అద్దెకు తీసుకోవడం, నా ఉద్దేశంలో, డబ్బిచ్చి ఇబ్బంది కొనుక్కోవడమే. వెంగెన్, మ్యూరెన్, జెర్మాట్ వంటి ఊళ్లలోకి కారు వెళ్లనే వెళ్లదు. ఆస్ట్రియాలో రెండూ కుదురుతాయి. 1935లో ప్రారంభమైన 48 కిలోమీటర్ల గ్రోస్‌గ్లాక్నర్ పర్వత రహదారి మీద, 36 మలుపులు తిరుగుతూ, దేశంలోకెల్లా ఎత్తైన 3798 మీటర్ల శిఖరం ఎదురుగా ఆగాలనుకుంటే మాత్రం కారు ఉండాలి. ఆ దారి మే మొదట్లో తెరుచుకుని శరదృతువులో మొదటి పెద్ద మంచుతో మూతబడుతుంది. దక్షిణ టైరోల్‌లో చాలా హోటళ్లు బస చేసినవారికి గెస్ట్ పాస్ ఇస్తాయి, దానితో ఆ ప్రాంతపు బస్సులు, రైళ్లు ఉచితం. గది బుక్ చేసేటప్పుడే ఆ పాస్ ఇస్తారో లేదో అడగాలి.

స్లొవేనియా కారు లేనిదే పూర్తిగా అందదు. బ్లెడ్, బోహిన్ వరకు బస్సులున్నాయి గాని, మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ యుద్ధఖైదీల చేత వేయించిన వ్ర్షిచ్ కనుమ దారి మీదుగా సోచా లోయకు దిగే ప్రయాణాన్ని సొంత బండిలో, ఆగుతూ చేయాలి. 1611 మీటర్ల ఎత్తులోని ఆ కనుమకు అటూ ఇటూ కలిపి 50 వెంట్రుకపిన్ను మలుపులు, ఒక్కోదానికి ఒక అంకె. రోడ్డుకు ఎడమ వైపు నడపడం అలవాటైన మనం కుడి వైపు నడపడం మొదటిసారి నేర్చుకోవలసిన చోటు మాత్రం అది కాదు. రాజధాని లుబ్లియానా చుట్టుపక్కల ఒక రోజు చేయి తిప్పుకున్నాకే అటు వెళ్లాలి. అక్కడ అద్దె కార్లలో మాన్యువల్ గేర్లవే ఎక్కువ, ఆటోమేటిక్ కావాలంటే చాలా ముందుగా అడగాలి. భారతీయ లైసెన్సుతో పాటు మన ఆర్టీవో కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా వెంట ఉండాలి. ఆస్ట్రియా, స్లొవేనియా హైవేల మీద విన్యెట్ అనే ముందస్తు సుంకం కట్టి ఉండకపోతే జరిమానా భారీగానే పడుతుంది.

భోజనం, ఖర్చు

శాకాహారులకు నాలుగింటిలో సులువైనది దక్షిణ టైరోల్. మొదటి ప్రపంచ యుద్ధం వరకు ఆస్ట్రియా ఏలుబడిలో ఉండి తరువాత ఇటలీకి వచ్చిన ఈ ప్రాంతంలో అధికుల మాతృభాష జర్మన్, వంటలో రెండు సంప్రదాయాలూ కలిశాయి; పాస్తా, పిజ్జాతో పాటు పాలకూర, మెత్తని జున్ను కూరిన ష్లుట్జ్‌క్రాప్ఫెన్ ప్రతి చోటా దొరుకుతుంది. ఆస్ట్రియాలో జున్ను కలిపిన పిండి వంటకం కేజెష్పెట్స్లె, స్లొవేనియాలో లోపల కూరి చుట్టిన పిండి చుట్టలు ష్ట్రుక్లి ఆ పాత్ర పోషిస్తాయి, రుచి మనకు కాస్త చప్పగా తోచినా. కరిగించిన జున్నులో రొట్టె ముంచి తినే స్విస్ ఫాండ్యూలో వైట్ వైన్ కలుస్తుందని, బంగాళదుంప తురుముతో వేయించే రోష్టిలో తరచు పంది మాంసపు ముక్కలు వేస్తారని తెలియక తెప్పించుకునేవారు చాలామంది. ఇంకా పట్టింపు ఉన్నవారు గమనించవలసినది: గ్రుయేర్, పర్మేజాన్ జున్నులను దూడ పొట్ట నుంచి తీసిన పదార్థంతోనే తోడు పెడతారు. భారతీయ భోజనం తప్పనిసరి అయితే ఇంటర్లాకెన్‌కు సాటి లేదు. వంటగది ఉన్న అపార్ట్‌మెంటు తీసుకుంటే ఎక్కడైనా ఇబ్బంది లేదు. కాకపోతే ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, స్లొవేనియాలలో ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసి ఉంటాయి, శనివారం సాయంత్రానికే పాలు, కూరగాయలు తెచ్చుకోవాలి.

ఖర్చు విషయంలో స్విట్జర్లాండ్ ఒక ఎత్తు, మిగతావి ఒక ఎత్తు. సాధారణ రెస్టారెంట్‌లో ఒకరి భోజనానికి అక్కడ 25 నుంచి 35 ఫ్రాంకులు అవుతుంది. స్లొవేనియాలో అందులో సగంతో సరిపోతుంది. ఆస్ట్రియా, దక్షిణ టైరోల్ ఈ రెంటికీ మధ్యన ఉంటాయి గాని, ఆగస్టులో డోలమైట్స్ గది ధరలు స్విస్ ధరలను అందుకుంటాయి. డబ్బు గట్టిగా చూసుకోవలసిన కొత్త దంపతులకు మే చివర గాని జూన్ మొదట గాని స్లొవేనియా చెబుతాను. స్విట్జర్లాండ్ ఇప్పటికే చూసివచ్చి ఇంకోసారి ఆల్ప్స్‌కు వెళ్లాలనుకునేవారు మరో ఆలోచన లేకుండా అక్టోబర్‌లో దక్షిణ టైరోల్ ఎంచుకోవచ్చు. సంగీతం, పాత నగరం, కొండ మూడూ కావాలనుకుంటే ఆస్ట్రియా.

వీసా, విమానం

నాలుగు దేశాలూ షెంగెన్ ఒప్పందంలో ఉన్నవే కాబట్టి ఒకే వీసా చాలు; దరఖాస్తు మాత్రం ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి చేయాలి, రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంటు త్వరగా దొరుకుతుందని వేరే దేశానికి దరఖాస్తు చేసి, హోటల్ బుకింగులు మరో దేశంలో చూపిస్తే తిరస్కరణకు కారణం మనమే అందించినట్లవుతుంది. పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపువారికి ఏమీ లేదు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. మే ప్రయాణాలకు అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి, సంక్రాంతి దాటగానే ఆ పని మీద కూర్చోవడం మంచిది.

లుబ్లియానాకు విమానాలు తక్కువ. ఆ దేశపు విమాన సంస్థ 2019లో మూతబడ్డాక స్లొవేనియా వెళ్లేవారు వెనిస్‌లో గాని, పొరుగున ఉన్న క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌లో గాని దిగి రోడ్డు మార్గాన చేరుకోవడం తేలిక. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరినప్పటి నుంచి జాగ్రెబ్ దారిలో సరిహద్దు తనిఖీకి వేరే వీసా కావాలన్న బెడద కూడా పోయింది. మిగతా మూడింటికీ జూరిక్, మ్యూనిక్, వియన్నా, వెనిస్ విమానాశ్రయాలు అందుబాటులో ఉన్నాయి. యూరప్ నగరాల మీదుగా మారి వెళ్లేవారు మొదటి షెంగెన్ విమానాశ్రయంలోనే పాస్‌పోర్టు తనిఖీ దాటాలి. 2025 అక్టోబర్ 12 నుంచి దశలవారీగా అమలులోకి వచ్చిన కొత్త పద్ధతిలో ముద్ర వేయడానికి బదులు వేలిముద్రలు, ఫోటో నమోదు చేస్తున్నందున వరుసలు నెమ్మదిగా కదలవచ్చు. టికెట్టు కొనేటప్పుడు గంటంపావు వ్యవధి చూపించే చవక కనెక్షన్‌ను వదిలి, రెండున్నర గంటలకు తగ్గనిదాన్ని తీసుకోవాలి.